పిల్లల పేర ఉన్న సొమ్ము: దాచాలా, పెంచాలా?

ఉప్పల్ భగాయత్ రైతుల భూములను 2000ల మధ్యలో అప్పటి హుడా (ఇప్పటి హెచ్‌ఎండీఏ) సేకరించింది. ఎకరా ఇచ్చినవారికి అభివృద్ధి చేసిన లేఅవుట్‌లో వెయ్యి గజాల ప్లాటు తిరిగి ఇస్తామని మాట ఇచ్చింది. ఆ ప్లాట్లు చేతికి రావడానికి పదేళ్ళకు పైనే పట్టింది. ఈలోగా పక్కనే మెట్రో డిపో వెలిసింది. 2017 నవంబరులో నాగోల్ నుంచి రైళ్ళు నడిచాయి. 2021 డిసెంబరులో హెచ్‌ఎండీఏ వేలం వేసినప్పుడు అదే లేఅవుట్‌లో అత్యధిక ధర గజానికి లక్ష రూపాయలు దాటింది. మూసీ ఒడ్డున గడ్డి, ఆకుకూరలు పండించి బతికిన ఇళ్ళలో కొన్నింటికి మూడో తరం వచ్చేసరికి ఇంతకు ముందెన్నడూ చూడనంత డబ్బు చేరింది. నాచారం పారిశ్రామికవాడలో షెడ్డు అమ్ముకున్న చిన్న కార్ఖానాదారుల పరిస్థితీ ఇంచుమించు ఇదే.

ఇలా వచ్చిన సొమ్ములో కొంత భాగాన్ని మనవల పేర ట్రస్టుగా రాయాలని పెద్దలు అనుకోవడం సహజం. కొడుకు వ్యాపారంలో పోగొడతాడన్న భయం ఒకచోట, కూతురి వాటా అత్తింటివారి చేతికి పోతుందన్న అనుమానం మరోచోట. పత్రం రాయడం, స్టాంపు డ్యూటీ కట్టడం, సంతకాలు పెట్టడం ఒక పూటలో అయిపోతాయి. అసలు చిక్కు ఆ మర్నాటి నుంచి మొదలవుతుంది. ఆ డబ్బును ట్రస్టీలు ఎక్కడ పెట్టాలి?

ఒక ఉదాహరణ అనుకుందాం. ఉప్పల్‌లో ఒక తాతగారు ప్లాటులో కొంత అమ్మి కోటిన్నర రూపాయలతో ముగ్గురు మనవల పేర ట్రస్టు పెట్టారు. పెద్దమ్మాయికి పదహారేళ్ళు, మధ్యవాడికి పదకొండు, చిన్నపాపకు నాలుగు. పిల్లల బాబాయి, మేనమామ ట్రస్టీలు. బ్యాంకులో వేసేద్దాం బావగారూ, రేపు ఎవరూ మనల్ని వేలెత్తి చూపరు అంటాడు మేనమామ. పదేళ్ళు బ్యాంకులో ఉంచితే పిల్లలే మనల్ని నిలదీస్తారు అంటాడు బాబాయి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఈ వాదన త్వరగా తెగదు.

ముందు మేనమామ పక్షం చూద్దాం. పిల్లల డబ్బు విషయంలో మన న్యాయస్థానాలు ఎంచుకున్నది కూడా ఈ దారే. రోడ్డు ప్రమాదంలో తండ్రినో తల్లినో పోగొట్టుకున్న పిల్లలకు వచ్చే పరిహారాన్ని కనీసం మైనారిటీ తీరేదాకా దీర్ఘకాలిక ఫిక్సెడ్ డిపాజిట్‌లో ఉంచాలని కేరళ ఆర్టీసీ, సూసమ్మ థామస్ కేసులో సుప్రీంకోర్టు 1990లలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. దేశమంతటా మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్ళు నేటికీ అదే బాట పడుతున్నాయి. దీని వెనక ఉన్న ఆలోచన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. పిల్లవాడు తన డబ్బును తాను చూసుకోలేడు, ట్రస్టీ నిర్ణయానికి అడ్డు చెప్పలేడు, నష్టం వస్తే మళ్ళీ సంపాదించుకునే వయసూ కాదు. తన సొంత డబ్బుతో సాహసం చేసే హక్కు ఎవరికైనా ఉంటుంది గాని, నోరులేని వారి డబ్బుతో చేసే హక్కు ఉందా అన్నది న్యాయమైన ప్రశ్న.

హైదరాబాదు జ్ఞాపకంలో దీనికి బలమైన కారణాలూ ఉన్నాయి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసం జరిగిందని లేఖ రాసిన రోజున ఆ షేరు విలువలో నాలుగింట మూడొంతులకు పైగా ఆవిరైంది. అంతకు ముందురోజు దాకా ఆ షేరు కొనడాన్ని ఈ ఊళ్ళో ఎవరూ దుస్సాహసం అనలేదు. మన కంపెనీ, మనవాళ్ళు నడిపే కంపెనీ అనుకుని పిల్లల చదువుల కోసం కొన్నవారు ఎందరో.

అయితే డిపాజిట్ అనగానే భద్రత అనుకోవడమూ పూర్తిగా నిజం కాదు. 2001లో కృషి సహకార బ్యాంకు, ఆ వెంటనే చార్మినార్ సహకార బ్యాంకు మూతపడినప్పుడు వీధిన పడినవారు షేర్లు కొన్నవారు కాదు, డిపాజిట్లు వేసిన మధ్యతరగతివారే. 2020 ఫిబ్రవరి నుంచి డిపాజిట్ బీమా లక్ష నుంచి 5 లక్షలకు పెరిగింది. మేలే. కాని ఒక బ్యాంకులో ఒక డిపాజిటరుకు ఉన్న హద్దు అది. అర శాతం వడ్డీ ఎక్కువ వస్తుందని కోటిన్నరను ఒకే చిన్న బ్యాంకులో పెట్టే ట్రస్టీ తాను జాగ్రత్తపరుణ్నని చెప్పుకోలేడు.

ఇంతకంటే పెద్ద నష్టం చప్పుడు లేకుండా జరుగుతుంది. కోటిన్నరకు 7 శాతం వడ్డీ అంటే ఏడాదికి పదిన్నర లక్షలు. ఏ పిల్లకు ఎంత వాటా అన్నది పత్రంలో రాయకుండా ట్రస్టీల విచక్షణకు వదిలేస్తే, విల్లు ద్వారా ఏర్పడిన ట్రస్టు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఆ ఆదాయం మీద గరిష్ఠ రేటున పన్ను పడుతుంది. 30 శాతం పన్నూ దానిపై సెస్సూ పోగా మిగిలే రాబడి 4.8 శాతం, సర్‌చార్జి కలిస్తే ఇంకా తక్కువ. ఆ మిగిలినదాన్ని ఏటేటా ఫీజులకు వాడేస్తే అసలు కోటిన్నర దగ్గరే ఆగిపోతుంది. చిన్నపాపకు పద్దెనిమిది నిండడానికి ఇంకా పద్నాలుగేళ్ళు ఉంది. ధరలు ఏటా 5 శాతమే పెరిగాయనుకున్నా అప్పటికి ఆ డబ్బు కొనుగోలు శక్తి సగమే. పాస్‌బుక్కులో అంకె మారదు కనుక ఆ నష్టాన్ని ఎవరూ ప్రశ్నించరు.

కుటుంబ ట్రస్టు అన్నది ఈ నగరానికి కొత్త కాదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1950 మే 10న తన కుటుంబం కోసం 9 కోట్ల రూపాయల ప్రభుత్వ సెక్యూరిటీలతో ఒక ట్రస్టు రాశారు. ఆ మొత్తాన్ని సమాన యూనిట్లుగా లెక్కగట్టి, కొన్నిటిని రిజర్వు నిధికి, కొన్నిటిని ఖర్చులకు కేటాయించి, మిగిలినవి బంధువుల పేర పెట్టారు. దాని మీద సంపద పన్ను వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1977లో తీర్పు వచ్చింది. ఆనాడు 9 కోట్లంటే ఊహకందని ధనం. అసలును కదపకుండా వడ్డీ మాత్రమే పంచుతూ ఆ 9 కోట్లను 9 కోట్లుగానే ఈనాటికి తెచ్చారనుకుందాం. ఉప్పల్ భగాయత్ వేలంలో పలికిన ఆ అత్యధిక ధరకు దానితో 900 గజాలకు మించి రావు. ఒక్క ఎకరా పోగొట్టుకున్న రైతుకు తిరిగి వచ్చిన ప్లాటు కంటే తక్కువ! 1950లో ఆ పత్రం రాసినవారిది తప్పని దీని అర్థం కాదు. ప్రభుత్వ బాండు కంటే భద్రమైనది ఆనాడు ఏముంది? ఎంత జాగ్రత్తగా దాచినా కాలం తన వాటా తాను తీసుకుంటుందని మాత్రం ఒప్పుకోవాలి.

సుప్రీంకోర్టు కూడా తన పాత మార్గదర్శకాలను గుడ్డిగా పాటించవద్దని తరవాత చెప్పవలసి వచ్చింది. 2012లో ఎ.వి. పద్మ కేసులో, చదువుకున్న, వివేకమున్న కుటుంబానికి అవసరమైన డబ్బును కూడా యాంత్రికంగా డిపాజిట్‌లో బంధించడం సరికాదని, ఒక్కో కేసునూ దాని పరిస్థితులను బట్టి చూడాలని అంది. అక్కడ హక్కుదారులు మైనర్లు కారు కనుక అదే సూత్రాన్ని పిల్లలకు నేరుగా వర్తింపజేయలేం. అయినా నియమం ఎందుకు పుట్టిందో మరిచిపోయి నియమాన్ని మాత్రం పట్టుకోవడంలో ఉన్న ప్రమాదం రెండుచోట్లా ఒకటే.

ఇప్పుడు బాబాయి పక్షం. చట్టం ఆయనకు మునుపటి కంటే ఎక్కువ వెసులుబాటు ఇచ్చింది. 1882 నాటి ఇండియన్ ట్రస్టుల చట్టంలోని 20వ సెక్షన్‌లో వలస పాలన నాటి బాండ్ల జాబితా ఒకటి చాలాకాలం ఉండేది. 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని తీసివేసింది. ట్రస్టు పత్రం స్పష్టంగా అనుమతించిన సెక్యూరిటీల్లో గాని, కేంద్రం ప్రకటించిన వర్గాల్లో గాని ఇప్పుడు పెట్టుబడి పెట్టవచ్చు. 15వ సెక్షన్ కూడా ట్రస్టీని సర్వజ్ఞుడిగా ఉండమనదు. సాధారణ వివేకం గల మనిషి తన ఆస్తిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడమంటుంది. అలా చూశాక నష్టం వచ్చినా, పత్రంలో వేరుగా రాసి ఉంటే తప్ప, ఆ నష్టాన్ని అతని మెడకు చుట్టదు. పద్నాలుగేళ్ళ వ్యవధి ఉన్న డబ్బులో కొంత భాగాన్ని వందలాది కంపెనీల్లో విస్తరించిన ఫండ్‌లో పెట్టడం వివేకవంతుడు చేయని పని అని ఈరోజు ఎవరూ అనలేరు.

అతి జాగ్రత్త కూడా కోర్టుకు ఎక్కవచ్చని ఇంగ్లండ్‌లోని నెస్లే కేసు చూపింది. 1922లో ఒక తాత పెట్టిన ట్రస్టును ఒక బ్యాంకు అరవై ఏళ్ళకు పైగా నిర్వహించింది. సుమారు 50 వేల పౌండ్ల నిధి 1986లో మనవరాలి చేతికి వచ్చేనాటికి దాదాపు 2.69 లక్షల పౌండ్లయింది. సరిగ్గా పెట్టుబడి పెట్టి ఉంటే పది లక్షలు దాటేదని ఆమె దావా వేసింది. బ్యాంకు తన అధికారాలను సరిగా అర్థం చేసుకోలేదని, ఎప్పటికప్పుడు సమీక్షించలేదని అప్పీలు కోర్టు 1992లో తప్పుపట్టింది. అయినా, వివేకవంతుడైన ట్రస్టీ కచ్చితంగా అంతకంటే మెరుగ్గా చేసి ఉండేవాడని ఆమె రుజువు చేయలేకపోయిందంటూ దావా కొట్టేసింది. మేనమామకు ఆ తీర్పు ఊరట. మనవరాలికి మాత్రం పోయిన అరవై ఏళ్ళు తిరిగి రాలేదు.

బాబాయి వాదనకూ ఒక హద్దు ఉంది. 2020 జనవరిలో 41 వేలు దాటిన సెన్సెక్స్ మార్చి 23న 26 వేల దిగువన ముగిసింది. నవంబరుకల్లా మళ్ళీ పాత గరిష్ఠాన్ని దాటింది. దీర్ఘకాలంలో మార్కెట్ కోలుకుంటుందనే మాటకు అది మంచి సాక్ష్యమే. కాని ఆ ఏడాది వేసవిలో ఇంజనీరింగ్ సీటుకు డబ్బు కట్టవలసిన పిల్లకు నవంబరు దాకా ఆగే వీలు ఎక్కడిది? దీర్ఘకాలం మంచిదేగాని అది అందరికీ సమానంగా లేదు. నాలుగేళ్ళ పాపకు ఉంది, పదహారేళ్ళ అక్కకు లేదు. అదీగాక, డిపాజిట్‌లో పోయిన విలువకు ఏ బంధువూ లెక్క అడగడు. షేర్లలో పదిహేను శాతం తగ్గితే మాత్రం మర్నాటికి అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతాయి. కుటుంబ సఖ్యతకు ఏ రాబడి పట్టికలోనూ విలువ కట్టరు, అయినా ట్రస్టు నిలిచేది దాని మీదే.

ఈ ఇద్దరూ కాక మూడో గొంతు ఒకటి ఉంటుంది, సాధారణంగా నానమ్మది: అసలు భూమి ఎందుకు అమ్మారు? తూర్పు హైదరాబాదులో ఈ మాటను కొట్టిపారేసే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. భగాయత్‌లో ఓపిక పట్టినవారికి దక్కింది కళ్ళ ముందే ఉంది. 2020లో ప్రభుత్వం గ్రిడ్ విధానం ప్రకటించి ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో ఐటీ పార్కులకు దారి తెరిచినప్పుడు, 2025లో ఔటర్ రింగ్ రోడ్డు లోపలి పారిశ్రామిక భూములను ఇతర వాడకాలకు మార్చుకునే విధానం తెచ్చినప్పుడు, పాత షెడ్డును అట్టిపెట్టుకున్నవారే తెలివైనవారనిపించింది. మన ఇళ్ళలో భూమికి ఇంకో గుణం కూడా ఉంది. దాన్ని రోజూ ధర చూసి భయపడి అమ్ముకోం, కనుక అది నిలుస్తుంది.

కాని అదే భూమిని ట్రస్టీ కళ్ళతో చూస్తే లోపాలు కనబడతాయి. ఖాళీ ప్లాటు ఫీజు కట్టదు. నూరు గజాలు విడదీసి అమ్మి పెద్దమ్మాయి సీటు కొనడం ప్రతి లేఅవుట్‌లోనూ కుదరదు. కబ్జా కాకుండా ప్రహరీ కట్టి ఎవరినైనా కాపలా పెట్టాలి. ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లు పరిశీలించి, చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దు ఎక్కడుందో చూసుకోకపోతే 2020 అక్టోబరు వరదల్లో ఉప్పల్, రామంతాపూర్ చెరువుల చుట్టుపక్కల కాలనీలకు పట్టిన గతి గుర్తుకు రావాలి. వరంగల్ రహదారి మీద ఉప్పల్, నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్ళ తరబడి సాగాయి. ఆ దుమ్ములో అద్దెలు పడిపోయిన షాపుల యజమానులను అడిగితే, రోడ్డు పక్క ఆస్తికి నష్టభయం లేదన్న మాట ఎంతవరకు నిజమో చెబుతారు. పైగా భగాయత్ లాభాన్ని చూసేటప్పుడు పదేళ్ళకు పైగా సాగిన ఎదురుచూపును మరవకూడదు. ఆ పదేళ్ళలో చదువు ఆగిపోయిన పిల్లలకు ఆ తరవాతి లక్ష రూపాయల గజం ఏం చేయగలదు?

భూమిని నేరుగా మైనరు పేర రాసే పద్ధతి కంటే ట్రస్టుకు ఒక మేలు ఉందని ఇక్కడే చెప్పాలి. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు మైనరు స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మలేడు. ట్రస్టు పత్రంలో అమ్మే అధికారం రాసి ఉంటే ట్రస్టీకి ఆ అడ్డంకి అంతగా ఉండదు. అవసరానికి అది వరం. నిజాయితీ లేనిచోట అదే ప్రమాదం.

వడ్డీ వ్యాపారం గురించి ఎక్కువ చర్చ అక్కర్లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీ వస్తుందని తెలిసినవారికి అప్పివ్వడం, చిట్టీలో వేయడం, బంధువు వేసే ప్రీలాంచ్ వెంచరులో పెట్టడం ఎంత లాభసాటిగా కనబడినా పిల్లల సొమ్ముకు తగవు. ట్రస్టు డబ్బును ట్రస్టీలలో ఒకరికే అప్పుగా ఇవ్వడాన్ని 54వ సెక్షన్ నిషేధిస్తుంది. ఒక పొరపాటులో వచ్చిన నష్టాన్ని ఇంకో పొరపాటులో వచ్చిన లాభంతో పూడ్చుకుంటానంటే 24వ సెక్షన్ ఒప్పుకోదు.

ఇంత చూశాక నాకు అనిపించేది ఒకటే. మనం మొదట అడిగే ప్రశ్నే సరైనది కాదు. డబ్బు ఎక్కడ పెట్టాలన్నదానికంటే ముందు అది ఎప్పుడు కావాలన్నది తేల్చుకోవాలి. నిజాం కుటుంబంలోనే దీనికి ఇంకో ఉదాహరణ ఉంది. 1948 సెప్టెంబరులో లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో చిక్కుకుపోయిన పది లక్షల పౌండ్ల సొమ్ము మీది హక్కును ఏడో నిజాం 1960లలో తన ఇద్దరు మనవల కోసం ట్రస్టుగా రాశారు. పాకిస్థాన్‌తో వివాదం తేలి 2019 అక్టోబరులో తీర్పు వచ్చేనాటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. 71 ఏళ్ళలో ఏటా సుమారు 5 శాతం పెరుగుదల అది. బ్రిటన్‌లో ధరలు కూడా ఇంచుమించు అన్ని రెట్లే పెరిగాయి కనుక దాని విలువ పెద్దగా తరగలేదు, పెరగలేదు. మనవలిద్దరికీ అప్పటికి ఎనభై ఏళ్ళు నిండాయి. సొమ్ము భద్రంగానే ఉంది, దాని అవసరమున్న వయసే దాటిపోయింది.

ఆ లెక్కన ఉప్పల్ పిల్లలది ఒక ట్రస్టయినా నిజానికి మూడు ఖాతాలు. పెద్దమ్మాయికి వచ్చే నాలుగైదేళ్ళలో కావలసినదంతా పెద్ద బ్యాంకుల డిపాజిట్లలో, స్వల్పకాలిక ప్రభుత్వ సెక్యూరిటీల్లో ఉండాలి. అక్కడ మేనమామ మాటే చెల్లాలి. చిన్నపాప వాటాలో సగం మించకుండా, పత్రం అనుమతిస్తే, ఇండెక్స్ ఫండ్లలో నెలనెలా కొంచెం కొంచెంగా పెట్టి, ఆమెకు పద్నాలుగు వచ్చాక అదే నెమ్మదితో వెనక్కి తీయవచ్చు. మధ్యవాడిది ఈ రెంటి నడుమ. సగం అన్న హద్దు శాస్త్రం కాదు, మూడోవంతు చాలనేవారితో నాకు పేచీ లేదు. నానమ్మ పట్టుబట్టి ఒక ప్లాటు ఉంచితే, హక్కు పత్రాలు శుభ్రంగా ఉండి, మొత్తం ఆస్తిలో అది చిన్న భాగమే అయితే, ఉండనివ్వవచ్చు.

వాటాలు ముందే తేల్చి రాయడానికి ఒక ఖరీదు ఉంది. పన్ను తగ్గే అవకాశం ఉన్నా, రేపు ఒక పిల్లకు జబ్బు చేసి ఎక్కువ కావలసి వస్తే ట్రస్టీల చేతులు కట్టేసినట్టవుతుంది. కనుక పెద్ద భాగాన్ని వాటాలుగా తేల్చి, చిన్న నిధి ఒకదాన్ని విచక్షణకు వదలడం మెరుగనిపిస్తుంది. ఆ చిన్న నిధి మీద ఎక్కువ పన్ను పడినా దాన్ని వెసులుబాటుకు చెల్లించే రుసుము అనుకోవచ్చు. పద్దెనిమిదికే అంతా చేతికివ్వాలా, ఇరవై అయిదు దాకా ఆగాలా అన్నదానిలోనూ రెండు భయాలున్నాయి. తొందరపడితే దుబారా అవుతుంది, ఆలస్యమైతే బాధ్యత అలవడదు. చదువు ఖర్చు నేరుగా కాలేజీకి కడుతూ, మిగిలినది రెండు మూడు విడతల్లో ఇవ్వడం ఈ రెంటినీ కొంతవరకు తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు.

ఏ దారి ఎంచుకున్నా ట్రస్టీలు ఏడాదికోసారి కూర్చుని, ఏం కొన్నాం, ఎందుకు కొన్నాం, ఏం వద్దనుకున్నాం అన్నది ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం చేయాలి. నెస్లే కేసులో బ్యాంకు చేయనిది సరిగ్గా ఆ సమీక్షే. ఇద్దరికీ తేలని పెద్ద సందేహం వస్తే 34వ సెక్షన్ కింద సివిల్ కోర్టు సలహా కోరే వీలుంది. అన్నదమ్ముల మధ్య గొడవ ముదిరాక వెళ్ళేకంటే ముందే వెళ్ళడం మంచిది. పదహారు నిండిన అమ్మాయిని ఆ సమావేశంలో కూర్చోబెట్టండి, లెక్కలు చూపించండి. ఆ డబ్బు ఆమెది.